ఆన్‌లైన్‌లో అసెంబుల్ చేయించి కంప్యూటర్ తెప్పించుకోవడం: ఎడిటింగ్ పనికి గుంటూరు నుంచి ఆర్డరు ఇవ్వవచ్చా?

లక్ష్మీపురం స్టూడియో, గుంటూరు

అందరికీ నమస్కారం. గుంటూరు లక్ష్మీపురంలో నాకు చిన్న ఫొటో, వీడియో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల వేడుకలు, గృహప్రవేశాలు నేనే తీసి, వీడియో ఎడిటింగు కూడా నేనే చేసుకుంటాను; ఆల్బమ్ డిజైనుకు మాత్రం ఒక కుర్రవాడు సాయంత్రాలు వచ్చి సాయం చేస్తాడు. కెమెరా మార్చినప్పటి నుంచి 4కె, 10 బిట్, 4:2:2లో (రంగుల వివరం ఎక్కువగా నిలిపే రికార్డింగు పద్ధతి) తీస్తున్నాను. రంగులు సరిచేసుకోవడానికి అది ఎంత హాయిగా ఉందో ఎడిటింగులో అంత ప్రాణం తీస్తోంది: క్లిప్పును టైమ్‌లైన్ మీద పెట్టి ప్లే నొక్కితే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది, ముందుగా ప్రాక్సీలు (ఎడిటింగు కోసం తేలికపాటి నకళ్లు) చేసుకుంటే తప్ప పని సాగడం లేదు. పైగా నా పాత కంప్యూటరు విండోస్ 10 దగ్గరే ఉండిపోయింది. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఈ బోర్డులో లేదు. అందుచేత కొత్తది తీసుకోక తప్పదు.

వేరే రాష్ట్రంలో ఉన్న ఒక ఆన్‌లైన్ వ్యాపారి వెబ్‌సైటులో భాగాలు ఎంచుకుంటే వారే అసెంబుల్ చేసి, పరీక్షించి, కొరియర్‌లో పంపుతామంటున్నారు. వారు ఇచ్చిన కొటేషనులో ఉన్నవి ఇవి: ఇంటెల్ కోర్ ఐ5-14600కేఎఫ్ ప్రాసెసర్, బీ760 మదర్‌బోర్డు, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె), లిక్విడ్ కూలర్, ఆర్‌జీబీ ఫ్యాన్లున్న గేమింగ్ క్యాబినెట్. విండోస్ 11 వేసి ఇస్తామన్నారు. జీఎస్టీతో కలిపి 1,38,000 రూపాయలు. ఇదే సరుకు విజయవాడలో ఒక షాపువారు 1,47,000 చెప్పారు.

నా సందేహం ధర గురించి మాత్రమే కాదు. చెడిపోతే ఎవరి గుమ్మం ఎక్కాలి, దారిలో దెబ్బ తింటే ఎవరిది బాధ్యత, బిల్లు నా పేరున తీసుకోవాలా స్టూడియో పేరున తీసుకోవాలా అన్నవి తేల్చుకోలేకపోతున్నాను. మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలైతే నాకు ఊపిరి ఆడదు కనుక ఈలోగానే యంత్రం చేతికొచ్చి, దాని లోటుపాట్లు తేలిపోవాలి. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


గవర్నర్‌పేట బెంచి, విజయవాడ

నమస్కారమండీ. ముందుగా ఒక సంగతి: నేను విజయవాడ గవర్నర్‌పేటలో కంప్యూటర్లు అసెంబుల్ చేసే షాపులో పనిచేస్తాను. ఆన్‌లైన్ వ్యాపారుల గురించి నేను రాసేదాన్ని అది గుర్తుపెట్టుకునే చదవండి. అయితే ఎక్కడ కొనాలన్నదానికంటే ముందు తేలవలసింది మరొకటి ఉంది. మీ చేతిలో ఉన్న రెండు కాగితాలలో పోల్చడానికి వీలున్నది కింద వేసిన మొత్తం ఒక్కటే. భాగాలకు పూర్తి పేర్లు లేవు.

బీ760 అన్నది చిప్‌సెట్ పేరు. ఆ పేరుతో వచ్చే బోర్డులలో ప్రాసెసరుకు కరెంటు అందించే భాగం బలహీనంగా ఉన్నవీ ఉన్నాయి, గంటల తరబడి ఎక్స్‌పోర్టు పెట్టినా చలించనివీ ఉన్నాయి. డీడీఆర్4 తీసుకునేవి, డీడీఆర్5 తీసుకునేవి కూడా అదే పేరుతో దొరుకుతాయి. 32 జీబీ ర్యామ్ అంటే ఒకే 32 జీబీ ముక్కా, రెండు 16 జీబీ ముక్కలా? ఒకటే అయితే డ్యూయల్ చానల్ ఉండదు, మెమరీ వేగంలో సగం వదులుకున్నట్టే. 1 టీబీ ఎస్‌ఎస్‌డీ అన్న మాటలో కంపెనీ పేరు గానీ మోడల్ గానీ లేవు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఆ 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్. కొటేషనులో ధర తగ్గించాలనుకున్నవాడు మొదట చెయ్యి పెట్టేది అక్కడే, ఎందుకంటే కొనేవాడు దాన్ని చూడడు. 80 ప్లస్ స్టిక్కరు ఉన్నంత మాత్రాన అది మంచిదని అనుకోకండి. తీసుకున్న కరెంటులో ఎంత భాగం వేడిగా వృథా పోకుండా లోపలికి చేరుతోందో చెప్పడం వరకే ఆ గుర్తు పని. వోల్టేజి ఎగిరిపడినప్పుడు తాను కాలిపోయి మిగతావాటిని కాపాడుతుందా, తనతోపాటు బోర్డునూ కార్డునూ తీసుకుపోతుందా అన్నది లోపలి తయారీని బట్టి ఉంటుంది. మా బెంచి మీదికి వచ్చే చచ్చిపోయిన మదర్‌బోర్డులలో చాలావాటి పక్కన పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ ఉంటుంది. కనుక ప్రతి భాగానికీ కంపెనీ పేరు, పూర్తి మోడల్ నంబరు, వారంటీ సంవత్సరాలు రాసిన కొటేషను ఇద్దరినీ అడగండి. మా షాపులాంటి వారిని కూడా అలాగే అడగండి. ఆ తొమ్మిది వేల తేడా ఎక్కడుందో అప్పుడు కనబడుతుంది.

ప్రాసెసరు విషయంలో ఒక్క ప్రశ్న తప్పక వేయండి: బాక్సు సరుకా, ట్రే సరుకా? ట్రే అంటే కంప్యూటర్ కంపెనీలకు డబ్బాలు లేకుండా గుంపుగా అమ్మేది. ఇంటెల్ నేరుగా కొనుగోలుదారుడికి ఇచ్చే మూడేళ్ల వారంటీ బాక్సు సరుకుకే వర్తిస్తుంది. ట్రే సరుకుకు అమ్మినవాడే దిక్కు. మీరు చెప్పిన ప్రాసెసరు విషయంలో ఇది ఇంకా ముఖ్యం. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజి తీసుకుని క్రమంగా దెబ్బతింటున్నాయని తేలిన తరువాత, 2024 ఆగస్టులో ఇంటెల్ వాటి వారంటీని మరో రెండేళ్లు పెంచింది, అదే నెలలో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్‌ను (ప్రాసెసరు లోపలి నడకను సరిదిద్దే కోడు), సెప్టెంబరులో 0ఎక్స్12బీని విడుదల చేసింది. 14600కే, కేఎఫ్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. బయాస్ (బోర్డులోనే ఉండి యంత్రాన్ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేటుతో గానీ ఆ మైక్రోకోడ్ బోర్డులోకి రాదు. గోదాములో చాలాకాలం ఉన్న బోర్డు అయితే పాత బయాస్‌తోనే వస్తుంది కనుక, పంపే ముందే అప్‌డేటు చేసి, ఆ తెర ఫొటో పంపమని అడగండి. చేయనంటే వారి పరీక్ష ఎంతవరకు వచ్చిందో మీకే అర్థమవుతుంది.

ఇక క్యాబినెట్. వెబ్‌సైటు బొమ్మలో ముందంతా అద్దం ఉండి లోపల రంగుల ఫ్యాన్లు తిరుగుతుంటే చూడముచ్చటగానే ఉంటుంది. మే నెలలో మన ఎండకు ఏసీ లేని గదిలో రెండు గంటల ఎక్స్‌పోర్టు పెట్టి చూడండి, ఆ అద్దం వెనక గాలి ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు. ముందు భాగం జల్లెడలా ఉండి, దుమ్ము ఆపే వల తీసి కడుక్కోవడానికి వీలున్నది తీసుకోండి. కూలర్ గురించి నా అభిప్రాయం కొంత మారింది. మామూలుగా నేను పెద్ద ఎయిర్ కూలర్‌కే ఓటు వేస్తాను, అందులో చెడిపోయేది ఫ్యాన్ ఒక్కటే, అది ఎక్కడైనా దొరుకుతుంది. కానీ అంత బరువు మదర్‌బోర్డుకు వేలాడుతూ కొరియర్ లారీలో రాష్ట్రం దాటి రావడం అంత క్షేమం కాదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే లిక్విడ్ కూలర్ ఉండనివ్వండి. ఇక్కడ చేయించుకుంటే ఎయిర్ కూలర్ పెట్టించుకోండి.

‘విండోస్ వేసి ఇస్తాం’ అన్న మాటకు బిల్లులో ఒక వరుస ఉండాలి. ఆ వరుస లేకపోతే వేసినది లైసెన్సు ఉన్న కాపీ కాదని అనుకోవచ్చు.


టైమ్‌లైన్ పని, పటమట

పై పోస్టులో అన్నీ సరిగానే ఉన్నాయి గానీ, మీ ప్రాణం తీస్తున్న అసలు జబ్బు గురించి ఎవరూ మాట్లాడలేదు. నేనూ పెళ్లి వీడియోలే ఎడిట్ చేస్తాను. మీ కొటేషనులో ప్రాసెసరు పేరు చివర ఉన్న ‘ఎఫ్’ అనే ఒక్క అక్షరం చూడండి. ఇంటెల్ ప్రాసెసరు పేరులో ఎఫ్ ఉందంటే దానిలో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ పనిచేయదని అర్థం. వేరే గ్రాఫిక్స్ కార్డు ఎలాగూ పెడుతున్నాం కదా, ఆ కొద్ది డబ్బు మిగిలింది కదా అని గేములు ఆడేవారు అదే కొంటారు, వారికి అది సరైనదే. మనకు కాదు.

కారణం ఇది. కెమెరా తీసిన 4:2:2, 10 బిట్ హెచ్‌ఈవీసీ (హెచ్.264 లాగే వీడియోను కుదించి రాసే పద్ధతి) ఫైలును విప్పి తెర మీద చూపించడానికి ప్రత్యేకమైన సర్క్యూటు కావాలి. అది లేకపోతే ఆ భారమంతా ప్రాసెసరు కోర్ల మీద పడుతుంది, ఎన్ని కోర్లున్నా బొమ్మ తడబడుతుంది. ఇంటెల్ ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్‌కు 11వ తరం నుంచి ఆ పని వచ్చు. ఎన్విడియా కార్డులకు ఆర్‌టీఎక్స్ 40 వరుస దాకా రాదు. ఆర్‌టీఎక్స్ 50 వరుసలో మాత్రమే 4:2:2ను హెచ్‌ఈవీసీలోనూ, హెచ్.264లోనూ విప్పే ఏర్పాటు చేశారు. ఏఎండీ కంపెనీ రైజన్ 7000, 9000 ప్రాసెసర్ల ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌కు కూడా ఆ పని రాదు. అంటే కేఎఫ్ ప్రాసెసరు, 4060 కార్డు అనే ఈ జత మీ ఫైళ్ల దగ్గర రెండు వైపులా తలుపు మూసుకున్నట్టే. లక్షా ముప్పై ఎనిమిది వేలు పోసి మళ్లీ ప్రాక్సీలు చేసుకోవలసిందే. ఆ వ్యాపారి మోసం చేస్తున్నాడని నేను అనడం లేదు. మీరు ఎడిటింగు అంటే అతను గేమింగ్ యంత్రాన్నే చూపించాడు, ఎక్కువమంది కొనేది అది.

రెండు దారులున్నాయి. ఒకటి, కేఎఫ్ బదులు 14600కే తీసుకోవడం. ఖర్చు పెద్దగా పెరగదు. రెండోది, కార్డును ఆర్‌టీఎక్స్ 5060 లేదా 16 జీబీ ఉన్న 5060 టీఐకి మార్చడం. నన్ను అడిగితే మొదటిది తప్పనిసరి, డబ్బు అందితే రెండోది కూడా చేయండి. మీ కెమెరా హెచ్.264లో 4:2:2 రాస్తుంటే క్విక్ సింక్ సాయపడదు, కనుక కెమెరా మెనూలో హెచ్‌ఈవీసీ ఫార్మాటు ఉందేమో చూసి దానికి మార్చుకోండి. లేకపోతే 50 వరుస కార్డు తప్ప వేరే దారి లేదు. మీరు వాడే సాఫ్ట్‌వేర్ వెర్షను కూడా ఆ సర్క్యూటును వాడుకునేదై ఉండాలి. పాత వెర్షను పట్టుకుని వేలాడేవారు మన రంగంలో తక్కువేం కాదు.

కంప్యూటరు వచ్చాక ఈ సంగతి ఎవరినీ అడగనక్కర లేదు, మీరే చూసుకోవచ్చు. బయాస్‌లో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఆన్‌లో ఉందో లేదో ముందు చూడండి; వేరే కార్డు కనబడగానే కొన్ని బోర్డులు దాన్ని ఆపేస్తాయి. తరువాత టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ పేజీలో ఇంటెల్ జీపీయూను ఎంచుకుని, పక్కన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మీ క్లిప్పును ప్లే చేయండి. ‘వీడియో డీకోడ్’ అనే గడిలో గీత పైకి లేచి, ప్రాసెసరు గీత కిందనే పడుకుని ఉంటే పని జరుగుతున్నట్టు. డీకోడ్ గడి చదునుగా ఉండి ప్రాసెసరు గీత నెత్తికెక్కితే సెట్టింగులలో ఏదో తేడా ఉన్నట్టు. అమ్మినవారు తాము పరీక్షించామని పంపే బెంచ్‌మార్కు అంకెలలో ఇది ఉండదు. వీలైతే మీ క్లిప్పు ఒకటి ముందే వారికి పంపి, దాన్ని ప్లే చేస్తూ ఈ తెరను వీడియో తీసి పంపమనండి.

స్టోరేజీ కూడా చాలదు. 200 ఎంబీపీఎస్‌తో తీస్తే గంటకు 90 జీబీ. రెండు కెమెరాలు కలిపి ఆరు గంటల ఫుటేజీ అనుకున్నా ఒక్క పెళ్లికి 540 జీబీ. విండోస్, సాఫ్ట్‌వేర్లు, క్యాషె పోను 1 టీబీలో ఒక పెళ్లి ఇరుకుగా పడుతుంది, రెండో పెళ్లి బయటే నిలబడాలి. 2 టీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి పని కోసం, పాత పెళ్లిళ్లు దాచడానికి సీఎంఆర్ రకం పెద్ద హార్డ్ డిస్కు ఒకటి పెట్టించుకోండి. డేటా గీతలను ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి రాసే ఎస్‌ఎంఆర్ రకమైతే ఒకేసారి పెద్ద ఫోల్డరు పోసినప్పుడు మధ్యలో మొరాయిస్తుంది.


బ్రాడీపేట పద్దులు, గుంటూరు

బిల్లు గురించి అడిగారు కనుక ఆ మేరకు చెబుతాను. పన్నుల పని నా వృత్తి.

కంప్యూటరు భాగాల మీద జీఎస్టీ 18 శాతం. మీ 1,38,000లో సరుకు ధర సుమారు 1,16,950, పన్ను సుమారు 21,050. వేరే రాష్ట్రం నుంచి వస్తే ఐజీఎస్టీ అని ఒకే పద్దుగా, విజయవాడ నుంచి అయితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని తొమ్మిదేసి శాతంగా వేస్తారు, మొత్తం ఒకటే. మీకు మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషను ఉండి, బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు వేయించుకుంటే ఆ 21,050 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు రాబడి మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే రాదు. సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటక రిజిస్ట్రేషనే తీసుకోని వారైతే ఈ చర్చే అక్కర లేదు, మీ సొంత పేరున తీసుకోండి. క్రెడిట్ వచ్చే మాటైతే రెండు కొటేషన్లనూ పన్ను తీసేసి పోల్చాలి. అప్పుడు తొమ్మిది వేల తేడా 7,600 చిల్లరకు దిగుతుంది. ‘బిల్లు లేకుండా అయితే ఇంతకిస్తాను’ అనే బేరానికి మాత్రం వెళ్లకండి. క్రెడిట్ పోతుంది, వారంటీ అడగడానికి తేదీ ఉండదు, తగాదా వస్తే కొన్నట్టే రుజువు ఉండదు.

ఇందులో ఒక మెలిక ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవారు వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధితో జీవనోపాధి సంపాదించుకోవడానికి తానే వాడుకునేందుకు కొన్నది వ్యాపార ప్రయోజనం కిందికి రాదని అదే నిర్వచనంలో వివరణ ఇచ్చారు. మీరే తీసి, మీరే ఎడిట్ చేసుకుంటున్నారు కనుక ఆ వివరణ మీకు వర్తిస్తుందని వాదించడానికి గట్టి ఆధారమే ఉంది. కానీ బిల్లు సంస్థ పేరున ఉండి, పన్ను క్రెడిట్ కూడా తీసుకుని ఉంటే అవతలివారు దాన్నే చూపించి అడ్డు చెప్పే అవకాశం ఉంది. దానితోనే కేసు పోతుందని కాదు, వాదన ఒకటి అదనంగా మోయాలి. ఇరవై ఒక్క వేలు చేతికొస్తుంటే ఆ బరువు మోయవచ్చునని నా ఉద్దేశం. రాని పక్షంలో మాత్రం సంస్థ పేరు వేయించుకోవడంలో లాభం లేదు.

చట్టం వైపు నుంచి ఆన్‌లైన్ కొనుగోలుకు అనుకున్నంత దిక్కులేనితనం లేదు. అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే చోట ఉన్న జిల్లా కమిషనులోనే, అంటే గుంటూరులోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే రుసుము లేదు, గడువు రెండేళ్లు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు తెలిపి, నెలలోపు పరిష్కరించాలి. సరుకు లోపంతో ఉన్నా, చెప్పిన లక్షణాలు లేకపోయినా, చెప్పిన గడువు దాటి ఆలస్యంగా వచ్చినా వెనక్కి తీసుకోననీ, డబ్బు తిరిగి ఇవ్వననీ అమ్మకందారు అనకూడదు. ‘కస్టమ్ బిల్డ్ వెనక్కి తీసుకోబడదు’ అని వెబ్‌సైటులో రాసుకున్న షరతు మీరు మనసు మార్చుకున్న సందర్భానికే పనికొస్తుంది, లోపమున్న సరుకుకు కాదు. కమిషను దాకా వెళ్లేముందు 1915 హెల్ప్‌లైనుకు ఒకసారి ఫోను చేయండి. చాలా తగాదాలు అక్కడే సర్దుకుంటాయి.

డబ్బు చెల్లింపు క్రెడిట్ కార్డుతో చేయండి. సరుకు రాకపోతే బ్యాంకులో వివాదం లేవనెత్తడానికి వీలుంటుంది. రెండు శాతం తగ్గిస్తామని నెఫ్ట్ చేయమంటారు, వెళ్లిన నెఫ్ట్‌ను బ్యాంకు వెనక్కి లాక్కురాదు. నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకుంటే వడ్డీ భాగం మీద జీఎస్టీని బ్యాంకు వేరుగా వసూలు చేస్తుంది, అది లెక్కలో వేసుకోండి. సరుకు విలువ 50,000 దాటి రాష్ట్రం దాటి వస్తోంది కనుక ఈ-వే బిల్లు ఉండాలి. అది అమ్మినవారు చూసుకోవలసిన పని, కానీ లేకపోతే దారిలో ఆగేది మీ పార్సిలే.


మంగళగిరి రెండర్, మంగళగిరి

నేను భవనాల త్రీడీ బొమ్మలు చేస్తాను. నా కంప్యూటరు ఇలాగే ఆన్‌లైన్‌లో అసెంబుల్ చేయించి తెప్పించుకున్నదే, దానిమీదే ఇల్లు గడుస్తోంది. కనుక గవర్నర్‌పేట వారి పోస్టులో మాటల మధ్య వినిపించిన అనుమానంతో నేను ఏకీభవించను. దగ్గరి షాపు ఉంటే సర్వీసు దానంతటదే వస్తుందనుకోవడం మన అలవాటు. అసెంబుల్ చేసిన కంప్యూటరుకు మామూలుగా మొత్తంగా వారంటీ అంటూ ఉండదు, ఎవరి భాగానికి వారి కంపెనీయే వారంటీ ఇస్తుంది. గ్రాఫిక్స్ కార్డు పోతే విజయవాడ షాపువారైనా దాన్ని ఆ కంపెనీ సర్వీసు కేంద్రానికే పంపాలి. కాబట్టి అడగవలసింది ఏ కంపెనీకి విజయవాడలో సర్వీసు లేదా కలెక్షన్ కేంద్రం ఉంది, ఏ కంపెనీకి హైదరాబాదు దాకా పంపాలి అన్నది. కార్డు, బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ఈ మూడింటికీ అది చూసుకుని కంపెనీని ఎంచుకుంటే, ఎక్కడ కొన్నారన్నదాని ప్రాముఖ్యం సగానికి తగ్గుతుంది. బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు ఉండాలి, ఖాళీ డబ్బాలన్నీ వేరే అట్టపెట్టెలో పంపమని ఆర్డరులోనే రాయాలి. ఆ డబ్బా మీది నంబరు, భాగం మీది నంబరు, బిల్లు మీది నంబరు మూడూ ఒకటేనని వచ్చిన రోజే సరిచూసుకోండి.

నాకు ఎదురైన ఇబ్బంది ఒకటి చెబుతాను. డబ్బు కట్టిన తరువాత, నేను ఎంచుకున్న ఎస్‌ఎస్‌డీ స్టాకులో లేదనీ, ‘దానితో సమానమైనది’ పెడుతున్నామనీ ఆ వ్యాపారి నుంచి మెయిల్ వచ్చింది. సమానం అన్నది వేగం అంకెలోనే. డీరామ్ (ఎస్‌ఎస్‌డీ తన పనికి వాడుకునే చిన్న మెమరీ) లేనిది, వారంటీ రెండేళ్లు తక్కువది. ఆర్డరు కాగితంలో పూర్తి మోడల్ ఉండబట్టి కాదనగలిగాను, కొన్ని రోజుల వాదన తరువాత అసలు మోడలే పెట్టారు. ర్యామ్ విషయంలో ఇప్పుడు ఇది మరీ ఎక్కువ. 2025 చివరి నుంచి ఏఐ సర్వర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి, ఆ డిసెంబరులో మెమరీ తయారుచేసే మైక్రాన్ తన క్రూషియల్ వినియోగదారుల వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. కొటేషను ఈ రోజుదా నిన్నటిదా అన్నది కూడా తేడా తెస్తుంది. ‘మా లిఖిత అనుమతి లేకుండా ఏ భాగమూ మార్చరాదు, మార్చవలసి వస్తే పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వాలి’ అన్న వాక్యం ఆర్డరు మెయిల్‌లో పెట్టండి, ‘సరే’ అని వారి జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.

పార్సిల్ సంగతి. చెక్క చట్రం ప్యాకింగుకు వేరే డబ్బు అడుగుతారు, బేరమాడకుండా ఇవ్వండి. ట్రాన్సిట్ ఇన్సూరెన్సు ఎవరి పేరున ఉందో అడగండి. పెట్టె గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు టేపు కోయకముందే ఫోను కెమెరా ఆన్ చేసి, ఆరు వైపులా చూపించి, లేబులు దగ్గరగా చూపించి, ఆపకుండా చివరిదాకా తీయండి; మధ్యలో కట్ అయిన వీడియోను వారు ఒప్పుకోరు. మంచి వ్యాపారులు క్యాబినెట్ లోపల గ్రాఫిక్స్ కార్డు చుట్టూ నురగ సంచి ఒకటి దూర్చి పంపుతారు. అది పోసినప్పుడు ఉబ్బి, ఖాళీ అంతా నింపి గట్టిపడుతుంది. పక్క అద్దం తీసి, ఆ సంచిని నెమ్మదిగా బయటికి లాగాకే ప్లగ్గు పెట్టాలి. నాకు వచ్చినప్పుడు దాన్ని తీశాక చూస్తే, కార్డు బంగారు రంగు అంచు స్లాటులో నుంచి ఒక చివర వెంట్రుక మందాన పైకి లేచి ఉంది, కింద లాకు మాత్రం పడే ఉంది. అలాగే ఆన్ చేస్తే తెర నల్లగానే ఉండిపోయేది. కార్డును ఒకసారి పూర్తిగా తీసి, టిక్కుమనేదాకా మళ్లీ నొక్కాను. ర్యామ్ ముక్కలను, 24 పిన్నుల కేబులును కూడా ఒకసారి వేలితో నొక్కి చూడటం మంచిది. ఇలా తెరిస్తే వారంటీ పోతుందా అని ముందే మెయిల్‌లో అడిగి పెట్టుకోండి, కొందరు స్టిక్కరు అతికించి ఇబ్బంది పెడతారు. అలాంటి స్టిక్కరు పెట్టేవారి దగ్గర కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం, రేపు ఇంకో ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవాలన్నా వారినే బతిమాలుకోవాలి.


లక్ష్మీపురం స్టూడియో, గుంటూరు

అందరికీ కృతజ్ఞతలు. ఇద్దరికీ పూర్తి మోడళ్లు అడుగుతూ మెయిల్ పెట్టాను. ఆన్‌లైన్ వ్యాపారి వెంటనే జవాబిచ్చారు: ప్రాసెసరు ట్రే సరుకట, ర్యామ్ ఒకే ముక్కట, ఎస్‌ఎంపీఎస్‌కు వారంటీ రెండేళ్లట. విజయవాడ షాపువారి కాగితంలో ప్రాసెసరు బాక్సు సరుకు, ర్యామ్ రెండు 16 జీబీ ముక్కలు, ఎస్‌ఎంపీఎస్‌కు ఏడేళ్ల వారంటీ ఉన్నాయి. అంటే తొమ్మిది వేలు ఊరికే అడగలేదన్నమాట. అయితే వారిది కూడా కేఎఫ్ ప్రాసెసరే, కార్డు కూడా 4060యే.

ఇప్పుడు ఇద్దరినీ ఒకే జాబితా మీద అడిగాను: బాక్సు 14600కే, రెండు 16 జీబీ ముక్కలు, 2 టీబీ ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ 5060 టీఐ, జల్లెడ ముఖమున్న క్యాబినెట్, పేరున్న ఎస్‌ఎంపీఎస్. హార్డ్ డిస్కు తరువాత వేరుగా కొంటాను. ఆన్‌లైన్ వారు 1,81,000 చెప్పారు, విజయవాడ వారు 1,84,500 చెప్పారు. నాకు మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషను ఉంది కనుక క్రెడిట్ వస్తుంది, పన్ను తీసేస్తే మిగిలే తేడా మూడు వేల లోపే. అందుచేత విజయవాడలోనే చేయించుకుని కారులో నేనే తెచ్చుకుంటాను, అక్కడే నా క్లిప్పు పెట్టి టాస్క్ మేనేజర్ చూసుకుంటాను. తేడా పదిహేను వేలు ఉండి ఉంటే మంగళగిరి వారు చెప్పినట్టు ఆన్‌లైన్‌కే వెళ్లేవాణ్ని. ఒక్క ప్రశ్న మిగిలింది: పాత కంప్యూటరుకు వాడుతున్న 600 వీఏ యూపీఎస్ దీనికి సరిపోతుందా?


గవర్నర్‌పేట బెంచి, విజయవాడ

సరిపోదండీ. 600 వీఏ అని రాసి ఉన్న వాటిలో ఎక్కువ 360 వాట్లు మోసేవే. 14600కే పూర్తి బరువు మీద 181 వాట్ల దాకా తీసుకుంటుంది, 5060 టీఐ 180 వాట్లు. మానిటరు, ఫ్యాన్లు కలపకముందే అంచు దాటింది. ఎక్స్‌పోర్టు నడుస్తుండగా కరెంటు పోయిందంటే యూపీఎస్ కూడా కుయ్యిమని ఆగిపోతుంది. 600 వాట్లకు తగ్గకుండా ఇచ్చేది తీసుకోండి, వీఏ అంకెను కాక వాట్ల అంకెను చూసి కొనండి. పాత యూపీఎస్‌ను రూటరుకు, బ్యాకప్ హార్డ్ డిస్కు పెట్టెకు పెట్టుకోండి. కొత్తది బిగించే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ప్లగ్గుకు ఎర్తింగు ఉందో లేదో చూపించండి. క్యాబినెట్‌ను ముట్టుకుంటే చురుక్కుమంటోందని వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం అదే.